పి.డి.ఎఫ్.లో మన అక్షరాలు ఎక్కడ తప్పిపోతాయి?

ఏటా మన సంచికకి వచ్చే వ్యాసాలని అచ్చుకి సిద్ధం చేసే పని కొన్నేళ్ళుగా నా వంతుకి వస్తోంది. రచయిత ఇంట్లో ముత్యాల్లా కనిపించిన అక్షరాలు పి.డి.ఎఫ్. చేసి పంపేసరికి డబ్బాలైపోతాయి, లేదా వత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి. "నా దగ్గర బాగానే ఉందండీ" అంటారు వారు. అదీ నిజమే! మూడు రకాల చిక్కుల్ని ఒకటిగా అనుకోవడం వల్లే ఈ గందరగోళం.

మొదటిది డబ్బాలు. ఏ ఫాంటులోని ఏ ఆకారాన్ని పేజీలో ఎక్కడ పెట్టాలో పి.డి.ఎఫ్. చెబుతుంది. ఆ ఫాంటుని ఫైల్లోనే పొదిగితే ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది. పొదగకపోతే చదివేవారి కంప్యూటరు తన దగ్గరున్న ఇంకేదో ఫాంటు వాడుకుంటుంది. అక్రోబాట్ రీడర్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి, ఫాంట్స్ అన్నచోట చూడండి. ప్రతి ఫాంటు పక్కనా "ఎంబెడెడ్" అనో "ఎంబెడెడ్ సబ్‌సెట్" అనో ఉండాలి. సబ్‌సెట్ అంటే వాడిన అక్షరాలనే పొదిగారని, కంగారు పడక్కర్లేదు. అసలేమీ లేకపోతే, వర్డ్‌లో పి.డి.ఎఫ్.గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో పి.డి.ఎఫ్./ఎ దగ్గర టిక్కు పెట్టండి. 2005లో ఐ.ఎస్.ఓ. ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిలో ఫాంట్లు పొదిగి తీరాలి. కొన్ని ఫాంట్లకి పొదిగే అనుమతి ఉండదు. అప్పుడు ఫాంటు మార్చడమే మేలు.

రెండోది ఊడిన వత్తులు. యూనికోడ్‌లో "స్త్రీ" అంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం – మొత్తం ఆరు సంకేతాలు. వీటిని ఒక్క ఆకారంగా కూర్చే బాధ్యత సాఫ్ట్‌వేరుది. ఇన్‌డిజైన్ వాడేవారు "వరల్డ్-రెడీ కంపోజర్" ఎంచుకోవాలి. కూర్పే తప్పితే ఫాంటు పొదిగినా ప్రయోజనం లేదు.

మూడోది కంటికి కనపడదు, నష్టం మాత్రం దీనితోనే ఎక్కువ. పాత డి.టి.పి. ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చారు. పేజీ చక్కగానే కనిపిస్తుంది, కానీ లోపల ఉన్నది తెలుగు కాదు. కథకుడి పేరుతో వెతికితే ఆ కథ దొరకదు. చూపు తగ్గిన పెద్దలకి కంప్యూటరు దాన్ని చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఇప్పుడు పోతన, మండలి, నోటో వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇంకా పాత ఫాంట్లని పట్టుకు వేళ్ళాడటం దేనికి?

పరీక్ష చాలా సులువు. వత్తులున్న ఒక వాక్యాన్ని పి.డి.ఎఫ్. నుంచి కాపీ చేసి నోట్‌పాడ్‌లో అతికించండి. యూనికోడ్‌లో టైపు చేసినా అక్కడ అక్షరాలు తారుమారు కావచ్చు. ఆకారాల నుంచి సంకేతాలకి వెనక్కి వెళ్ళే పట్టిక ఫైల్లో సరిగ్గా లేకపోతే అంతే. అందుకే నా మనవి: పి.డి.ఎఫ్.తో పాటు యూనికోడ్‌లో టైపు చేసిన మూలప్రతిని కూడా పంపండి, మీ దగ్గరా ఒకటి దాచుకోండి. రేపు మన పిల్లలు మీ రచన కోసం వెతికితే, వాళ్ళకి దొరకాల్సింది ఆ ప్రతే.