ఆల్ వీల్ డ్రైవ్ కారుకు చైన్లు ఎందుకు?

శీతాకాలం సెలవులు రాగానే బే ఏరియా నుంచి మన కుటుంబాలు చాలా టాహో బయలుదేరతాయి. “మనది ఆల్ వీల్ డ్రైవ్ కదా, చైన్లెందుకు?” అని మేమూ అనుకునేవాళ్ళం. ఒకసారి ఇంటర్‌స్టేట్ 80 మీద తనిఖీ దగ్గర చైన్లు లేక, పిల్లలతో సహా చీకట్లో వెనక్కి రావలసి వచ్చింది.

కాలిఫోర్నియాలో నియమాలు మూడంచెలు. ఆర్-2 బోర్డు పెట్టినప్పుడు, నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కారు చైన్లు వేయకుండానే వెళ్ళవచ్చు. కానీ చైన్లు కారులో ఉండి తీరాలి. ఆర్-3 అయితే ఎవరికీ మినహాయింపు లేదు.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందితే కారు కదలడం సులువు. ఆగడం మాత్రం టైరు పట్టును బట్టే ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

చైన్లు ఏ చక్రాలకు వేయాలో కారు మాన్యువల్లో చూడండి. చాలా కార్లకు ముందు చక్రాలకే. టైరు సైజుకు సరిపోయేవే కొనండి. రోడ్డు పక్కన సురక్షితమైన, చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేక్ వేయండి. చైను టైరు మీద పరచి, ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటిది తగిలించండి. కొద్ది దూరం నడిపి, ఆపి, మళ్ళీ బిగించండి. వేగం 25-30 మైళ్ళు దాటకూడదు. మంచు లేని రోడ్డు రాగానే తీసేయండి.

బయలుదేరేముందు ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి. కొత్త కారుకు వాహనపూజ చేయించిన వారమే చైన్లు కూడా కొని డిక్కీలో పెట్టుకుందాం.