ఒక్కో మెట్టూ ఓ మెచ్చుకోలు

పిలిస్తే పలకని బిడ్డకు దిష్టి తగిలిందనో, జిన్ను పట్టిందనో తాయెత్తుల కోసం తిరుగుతుంటాం. ఆటిజం తల్లి పెంపకంలో లోపం కాదు. మెదడు ఎదుగుదలలో తేడా.

ఈ పిల్లలకు నేర్పే పద్ధతుల్లో 'అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్' ఒకటి. పనిని చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కో మెట్టుకూ మెచ్చుకోవడం దీని కీలకం. వుజూనే తీసుకుందాం. మొదట చేతులు కడగడమే నేర్పాలి. అది వచ్చాకే పుక్కిలించడం, ఆపై ముక్కు, ముఖం. చేయి పట్టి చేయించి, క్రమంగా సాయం తగ్గించాలి. చేసిన వెంటనే 'మాషా అల్లాహ్' అనాలి, ఇష్టమైన ఖర్జూరం ఇవ్వాలి.

1960లలో అమెరికా మనస్తత్వవేత్త లోవాస్ దండన కూడా వాడారు. అది తగదని నేటి నిపుణుల మాట. చేతులూపడం వంటి హాని లేని అలవాట్లను బలవంతంగా మాన్పించనక్కరలేదు.

అంధుడైన సహాబీ విషయంలో దైవప్రవక్త (స)నే అల్లాహ్ 'అబస' సూరాలో హెచ్చరించాడు. మరి మన బిడ్డ నుంచి మనం ముఖం తిప్పుకోవచ్చా?