ఇరువది ఇద్దరిలో ఒక్కతె

1929వ సంవత్సరమున చెకోస్లొవేకియా దేశమందలి కార్ల్స్‌బాద్ పట్టణమున ఒక గొప్ప చదరంగపు పోటీ జరిగెను. పేరుమోసిన ఆటగాండ్రు 22 మంది అందు పాల్గొనిరి. వారిలో స్త్రీ ఒక్కతె; ఆమె పేరు వెరా మెన్షిక్. ఆమె రాకను చూచి వియన్నా నగరవాసియైన ఆల్బర్ట్ బెకర్ పరిహాసమాడెను. ఆమె చేతిలో ఓడినవారందరును ఒక సంఘముగా ఏర్పడవలెననియు, ఆ సంఘమునకు ఆమె పేరే పెట్టవలెననియు అతడు ప్రతిపాదించెను. కొలది దినములకే ఆమె బెకర్‌ను ఓడించెను. అతడే ఆ సంఘమునకు మొదటి సభ్యుడాయెను!

ఆ పోటీలో మెన్షిక్‌కు దక్కినది చిట్టచివరి స్థానమే. కాని సంఘ సభ్యుల సంఖ్య మాత్రము పెరుగుచునే వచ్చెను. పంజాబునుండి ఇంగ్లండునకు వెళ్లి, బ్రిటిష్ విజేతగా మూడు పర్యాయములు నిలిచిన సుల్తాన్ ఖాన్ అందు చేరెను. 1935లో ప్రపంచ విజేతయైన హాలెండు దేశీయుడు మాక్స్ యూవేకును అది తప్పలేదు. మెన్షిక్ 1906లో మాస్కోలో జన్మించి, 1921లో ఇంగ్లండు చేరెను. 1927లో ప్రథమ మహిళా ప్రపంచ విజేతయై ఆ బిరుదమును తుదివరకు నిలుపుకొనెను. 1944 జూనులో లండనుపై జర్మనులు ప్రయోగించిన బాంబు ఆమెను, తల్లిని, చెల్లెలిని ఒక్కసారిగా బలిగొనెను.

తరువాత ఎనుబది యేండ్లు గడచినవి. 2025 జూలైలో దివ్యా దేశ్‌ముఖ్ జార్జియాలోని బాతుమీ నగరమున మహిళల ప్రపంచ కప్పును గెలిచి గ్రాండ్ మాస్టర్ అయినది. ఆమెతో భారతీయ గ్రాండ్ మాస్టర్ల సంఖ్య 88కి చేరెను. వారిలో స్త్రీలు నలుగురు: కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, వైశాలి, దివ్య. 88 మందిలో నలుగురనగా 22 మందికి ఒక్కతె. కార్ల్స్‌బాదునాటి లెక్కయే అప్పటికిని మిగిలెను!

చదరంగమున కండబలముతో పనిలేదు. మరి స్త్రీలు శిఖరమున ఇంత అరుదుగా కనబడుటకు కారణమేమి? బుద్ధిబలమున వారు తక్కువయని చెప్పుట సులభము. కాని తీర్పు చెప్పుటకు ముందు లెక్క చూడవలెను. ఒక తోపులో 1,600 తాటిచెట్లు, మరియొక తోపులో 100 తాటిచెట్లు ఉన్నవనుకొనుడు. నేల ఒకటే, విత్తనము ఒకటే, వాన ఒకటే. అయినను అన్నింటికంటె పొడవైన చెట్టు పెద్దతోపులో ఉండుటకే అవకాశము మెండు. అందువలన చిన్నతోపులోని విత్తనము చెడ్డదనుట న్యాయమా?

జర్మనీలో నమోదైన సుమారు లక్షా ఇరువదివేల మంది ఆటగాండ్ర వివరములను పరిశీలించి, నలుగురు పరిశోధకులు 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. అచట ఒక స్త్రీకి పదునారుగురు పురుషులు కలరు. ఇరుపక్షముల మేటి నూరుగురి నడుమనున్న అంతరములో నూటికి 96 పాళ్లు ఈ సంఖ్యాభేదమువలన కలిగినదేయని వారు తేల్చిరి. తరువాత కొందరు ఆ గణన పద్ధతిని ఆక్షేపించిరి. ఆ అంకె నిలిచినను నిలువకున్నను, బల్లముందు కూర్చున్నవారు తక్కువయైనచోట శిఖరమెక్కువారును తక్కువే యగుదురనుట స్పష్టము.

కూర్చుండుటకైనను చోటు సులభముగా దొరకలేదు. 1976లో పదుమూడేండ్ల రోహిణీ ఖాదిల్కర్ భారత పురుషుల జాతీయ పోటీలో పాల్గొనగా పెద్ద వివాదము చెలరేగి, హైకోర్టు వరకు వెళ్లెను. స్త్రీలను జాతీయ, అంతర్జాతీయ పోటీలనుండి తొలగింపరాదని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు నిర్ణయించెను. ఆ అధ్యక్షుడు మరెవ్వరో కాదు. మెన్షిక్ చేతిలో ఓడిన మాక్స్ యూవేయే!

ద్వారము తెరచినను మనసులోని జంకు వెంటనే పోదు. ఇటలీ పరిశోధకులు 2008లో ప్రకటించిన ఒక పరీక్షలో, సమాన బలముగల స్త్రీ పురుషులను ఒకరికొకరు కనబడకుండ ఆడించిరి. ఎదుట నున్నది స్త్రీయని నమ్మించినపుడు స్త్రీలు పురుషులతో సమముగా ఆడిరి. పురుషుడని తెలిపినపుడు, అదే ప్రత్యర్థి యెదుట, వారి ఆట దిగజారెను. ఎత్తులు మరచిపోయినందున గాక, ధైర్యము సన్నగిలినందున వారు వెనుకబడిరి.

ఈ జంకును చిన్ననాడే పోగొట్టిన ఇండ్లు కొన్ని కలవు. బుడాపెస్టు నగరమున లాస్లో పోల్గార్ తన ముగ్గురు కుమార్తెలకు ఇంటనే చదువును, చదరంగమును నేర్పెను. కడగొట్టు బిడ్డ జూడిత్ మహిళల ప్రపంచ బిరుదముకొరకు పోటీపడనే లేదు. పురుషులతో ఆడి 1991లో, పదునైదేండ్ల నాలుగు నెలల ప్రాయమున, గ్రాండ్ మాస్టరై ప్రపంచమున ఎనిమిదవ స్థానము వరకు ఎదిగెను. గుడివాడలో జన్మించిన హంపికి తండ్రి అశోక్ గురువు. ఆయన ఉద్యోగము మాని కుమార్తెకు శిక్షణ నిచ్చెను. 2002లో ఆమె జూడిత్ కంటె మూడు నెలలు చిన్న వయసుననే ఆ బిరుదమందెను. 2017లో తల్లియైన పిదప తిరిగివచ్చి, 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచెను.

ఇట్టి తండ్రులు ప్రతి యింట నుండరు. సామాన్యమైన ఇంటి బాలికకు పాఠశాలయే దిక్కు. పోటీకి పేర్లు వ్రాసికొను దినమున బాలురెందరు లేచిరో, బాలికలెందరు లేచిరో ఉపాధ్యాయుడు ఒకమారు లెక్కింపవలెను. లేవని బాలికను పిలిచి బల్లముందు కూర్చుండబెట్టవలెను. ఓడిన బాలికను మరునాడు మరల పిలువవలెను. కార్ల్స్‌బాదున చిట్టచివర నిలిచిన మెన్షిక్ మరుసటి పోటీకి వెళ్లకున్నచో, యూవేను ఓడించుట ఆమెకు సాధ్యమయ్యెడిది కాదు.