మూగవోయిన రేడియో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణం వద్ద తీరం దాటింది. విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. సెల్‌ఫోన్లు చాలాచోట్ల మూగబోయాయి. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో విలువ అటువంటి వేళలోనే తెలుస్తుంది. కాని ఏళ్ల తరబడి అటకమీద పడి ఉన్న పెట్టె అవసరానికి పలుకుతుందన్న భరోసా లేదు. పలకని రేడియోను పారవేసే ముందు, అది ఎందుకు పలకడం లేదో విచారించడం మంచిది. చాలాసార్లు కారణం అతిస్వల్పమైనదై ఉంటుంది.

ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడాన్ని ‘నిదానం’ అంటారు. తెలుగు వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. రేడియో మరమ్మతుకు ఈ రెండు నిదానాలూ కావాలి.

రేడియోలో ముందుభాగం గాలిలోని తరంగాలలో నుంచి కోరిన కేంద్రాన్ని ఎన్నుకొని, దానిలోని ధ్వని సంకేతాన్ని వేరుచేస్తుంది. ఆ బలహీన సంకేతం వాల్యూమ్ కంట్రోల్ గుండా ఆంప్లిఫయర్‌కు చేరి, అక్కడ బలం పుంజుకొని స్పీకరును కదిలిస్తుంది. అన్నింటికీ శక్తినిచ్చేది బ్యాటరీ. ఈ వరుస మనసులో ఉంటే సగం పని అయినట్లే.

మొదట చెవి ఒగ్గి వినాలి. వాల్యూమ్ పెంచినపుడు ‘సుయ్’మనే బుస వినిపిస్తూ కేంద్రాలు మాత్రం రాకపోతే, స్పీకరు, ఆంప్లిఫయర్ బాగున్నట్లే, దోషం ముందుభాగంలో ఉంది. బ్యాండ్ స్విచ్ సరైన స్థానంలో ఉన్నదో లేదో కూడా చూడాలి. కొన్ని కేంద్రాలు మీడియం వేవ్ ప్రసారాలను ఆపివేశాయి. లేని కేంద్రం కోసం పెట్టె విప్పడం వృథాశ్రమ. బుస కూడా లేని సంపూర్ణ నిశ్శబ్దమైతే బ్యాటరీ నుంచి స్పీకరు వరకు వెదకాలి.

బ్యాటరీలు కొత్తవే కదా అని వదిలివేయరాదు. 1.5 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిస్తే 6 వోల్టులు రావాలి. ఈ కొలతను రేడియో ఆన్ చేసి ఉంచే తీసుకోవాలి. శక్తి ఉడిగిన బ్యాటరీ సైతం పని లేనపుడు మీటరుకు మంచి లెక్కే చూపుతుంది. పాత బ్యాటరీలు కారి స్ప్రింగులకు తెల్లని, పచ్చని పొర పట్టడం సర్వసాధారణం. దానిని గరుకు కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్దాలి. స్ప్రింగుకు అతికిన తీగ లోపల తెగి ఉండవచ్చు. మెల్లగా లాగి చూస్తే తెలిసిపోతుంది.

తరువాత ఇయర్‌ఫోన్ రంధ్రం. ఇయర్‌ఫోన్ దూర్చగానే లోపలి రేకు పక్కకు జరిగి స్పీకరుకు సంబంధం తెగుతుంది. తీసిన తరువాత ఆ రేకు స్వస్థానానికి రాకపోతే స్పీకరు మౌనం వహిస్తుంది. ఇయర్‌ఫోన్‌లో ధ్వని వినిపిస్తే దోషం ఈ రేకులో గాని, స్పీకరులో గాని, వాటి తీగలలో గాని ఉన్నట్లే.

స్పీకరును పరీక్షించడానికి ఒక్క బ్యాటరీ చాలు. రేడియోలోని బ్యాటరీలు తీసివేసి, స్పీకరు తీగ ఒకటి విడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీని దాని రెండు కొసలకు క్షణకాలం తాకించాలి. ‘టక్’మంటే స్పీకరు బతికి ఉన్నది. అనకపోతే లోపలి తీగచుట్ట తెగి ఉండవచ్చు. అప్పుడు అదే కొలతగల, అదే ఓముల స్పీకరును మార్చడమే మార్గం.

స్పీకరు బాగుండి కూడా పలకకపోతే వాల్యూమ్ కంట్రోల్ వద్దకు రావాలి. తిప్పినపుడు గరగరమన్నా, ఒకచోట పలికి వేరొకచోట ఆగినా, లోపలి కర్బనపు పట్టీపై దుమ్ము పేరుకొన్నట్లు. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే తరచుగా కుదురుకొంటుంది. ఇక ఒక చక్కని పరీక్ష ఉన్నది: బ్యాటరీ రేడియోను ఆన్ చేసి వాల్యూమ్ పెంచి, స్క్రూడ్రైవరు లోహభాగాన్ని వేలితో తాకుతూ, దాని మొనను కంట్రోల్ నడిమి కాలుకు ఆనించాలి. ‘బుర్ర్’మనో ‘టక్’మనో శబ్దం వస్తే ఆంప్లిఫయర్ పనిచేస్తున్నది. మరమ్మతుదారులు ఏ మీటరూ లేకుండా ఈ ఒక్క స్పర్శతోనే రేడియోను రెండు భాగాలుగా విడదీసి చూస్తారు.

ఆంప్లిఫయర్ పలకకపోతే పాత సెట్లలో మొదట అనుమానించదగినది స్పీకరుకు ముందుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు. దానిలోని ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోయి ధ్వని సన్నగిల్లుతుంది. కొత్తది అదే మైక్రోఫారడ్ల విలువ గలదై, వోల్టుల పరిమితిలో పాతదానికి తీసిపోనిదై ఉండాలి. ధన, ఋణ కాళ్లు తారుమారు కారాదు.

దోషం ముందుభాగంలో ఉంటే ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన సన్నని తీగలను చూడాలి. వెంట్రుక వంటి ఆ తీగ అతుకు దగ్గర తెగుతుంది. పక్కనే చిన్న లోహపు డబ్బాలలో రంగురంగుల మరలు కనిపిస్తాయి. వాటిని తిప్పాలన్న కోరిక కలగడం సహజం. మీడియం వేవ్ రేడియోలలో అవి సాధారణంగా 455 కిలోహెర్ట్‌జ్‌కు సరిచూసి అమర్చినవి. తగిన పరికరం లేకుండా తిప్పితే, ఒక్క తీగ అతికితే పోయే దోషానికి మరొకటి తోడవుతుంది.

ఇదంతా బ్యాటరీ రేడియోకు మాత్రమే. గోడ ప్లగ్గుతో నడిచే సెట్టు విషయంలో ప్లగ్గు, తీగ, ఫ్యూజు చూడడంతో సరిపెట్టుకోవాలి. అదీ ప్లగ్గు తీసిన తరువాతనే. పాత వాల్వు రేడియోలలో రెండు వందల వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. వాటిని పని తెలిసినవారే విప్పాలి.