ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కడం లేదా? ముందు గోడ దగ్గర చూడండి

నాందేడ్ జిల్లాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా సరిహద్దు వైపు ఉంటాయి. ధర్మాబాద్ పక్కనే బాసర, బిలోలి అవతల బోధన్, దేగ్లూర్ దాటితే మద్నూర్. ఇంట్లో మాట తెలుగే అయినా, బయట దుకాణంలో తెలుగు పుస్తకం దొరకడం కష్టం. అందుకే మన బడులకు ల్యాప్‌టాప్ ఒక చిన్న గ్రంథాలయం లాంటిది. బాలభారతి తెలుగు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, దీక్ష పాఠాలు, పిల్లలకు వినిపించే పద్యాలు, ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే ఉంటాయి. దానికి చార్జింగ్ ఎక్కకపోతే ఆ పూట తెలుగు పాఠం ఆగినట్టే.

అలాంటప్పుడు స్టాఫ్‌రూంలో వినిపించే మొదటి మాట ‘బ్యాటరీ పోయింది’. రెండో మాట ‘కొత్తది కొనాలి’. బడ్జెట్ లేక ల్యాప్‌టాప్ బీరువాలోకి చేరుతుంది. నిజానికి కరెంటు ప్రయాణంలో బ్యాటరీది చివరి మజిలీ. గోడ సాకెట్టు, వైరు, అడాప్టరు, పిన్ను దాటాకే కరెంటు అక్కడికి చేరుతుంది. ఈ వరుసలోనే ఒక్కొక్కటి చూసుకుంటూ వస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. స్క్రూడ్రైవరు అవసరం లేదు, పావుగంట ఓపిక చాలు. వైర్లు ముట్టుకునే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి, పిల్లలకు అప్పగించవద్దు.

మొదట గోడ సాకెట్టు

చార్జరు తీసి, అదే సాకెట్టులో ఫోన్ చార్జరు పెట్టి చూడండి. ఫోన్‌కు కూడా చార్జింగ్ ఎక్కకపోతే లోపం సాకెట్టుదే. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి, చార్జరును నేరుగా గోడకే పెట్టండి. పాత బాక్సుల్లో లోపలి రేకులు వదులై ప్లగ్గును పట్టి ఉంచవు. చిటపట శబ్దం, కాలిన వాసన, నల్లటి మరక కనిపిస్తే ఆ సాకెట్టు వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను ఎర్త్‌ది. అది మిగతా రెండింటికన్నా పొడవు. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి అనే అలా చేస్తారు. సాకెట్టులో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టడం, రెండు పిన్నుల కన్వర్టరు తగిలించడం చేయకండి. చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు భాగం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందంటే ఎర్త్ అందడం లేదేమోనని అనుమానించాలి. పిల్లలు ముట్టుకునే వస్తువు కాబట్టి బడిలో ఎర్తింగ్ చూపించుకోవడం తప్పనిసరి.

తర్వాత వైరు, అడాప్టరు

చార్జరులో రెండు భాగాలుంటాయి. గోడ నుంచి నల్లటి డబ్బా దాకా వచ్చే వైరు ఒకటి, ఆ డబ్బా అంటే అడాప్టరు రెండోది. చాలా మోడళ్లలో ఆ వైరు విడిగా ఊడి వస్తుంది. అది డబ్బాలోకి పూర్తిగా దిగకపోయినా కరెంటు అందదు. ఒకసారి ఊడదీసి గట్టిగా నొక్కి పెట్టండి. అదే ఆకారం పిన్ను ఉన్న వైరు ఇంకో చార్జరుకు ఉంటే మార్చి చూడవచ్చు. ఈ వైరు మోసేది గోడ కరెంటునే కాబట్టి కంపెనీ వేరైనా ఫరవాలేదు. లోపం వైరుదే అయితే అడాప్టరుతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చుతో బయటపడతాం.

అడాప్టరు మీద చిన్న లైటు ఉంటే అది చాలా చెబుతుంది. ల్యాప్‌టాప్‌కు తగిలించకుండా గోడకు పెట్టినప్పుడు లైటు వెలిగితే అక్కడిదాకా కరెంటు వస్తున్నట్టే. వెలగకపోతే వైరు లేదా అడాప్టరు చెడినట్టు. వెలుగుతున్న లైటు ల్యాప్‌టాప్‌కు పిన్ను పెట్టగానే ఆరిపోతే, ల్యాప్‌టాప్ లోపల షార్ట్ ఉండవచ్చు, లేదా అడాప్టరు బలహీనపడి ఉండవచ్చు. మళ్లీ మళ్లీ పెట్టి చూడకుండా షాపుకు తీసుకెళ్లడం మంచిది.

పిన్ను దగ్గర

పిన్నును ఒక కోణంలో పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతోందంటే వైరు మెడ దగ్గర తెగి ఉండాలి, లేదా ల్యాప్‌టాప్‌లోని జాక్ వదులై ఉండాలి. రబ్బరు బ్యాండు కట్టి నెట్టుకురావద్దు, అక్కడ వేడి పుట్టి జాక్ కాలిపోతుంది. జాక్ మార్పించడం షాపులో అయ్యే పనే, అందుకోసం ల్యాప్‌టాప్ మార్చనక్కర్లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫోన్లలాగే టైప్‌-సి పోర్టు ఉంటోంది. అందులో నూలుపోగులు, చాక్‌పీసు పొడి చేరితే పిన్ను పూర్తిగా దిగదు. ల్యాప్‌టాప్ ఆపి, చార్జరు తీసేసి, పొడి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. గుండుసూది వాడకూడదు. రెండో టైప్‌-సి పోర్టు ఉంటే అందులోనూ పెట్టి చూడండి. ఫోన్ చార్జరు పిన్ను సరిపోయినా చాలాసార్లు దాని శక్తి ల్యాప్‌టాప్‌కు చాలదు.

తెర మీద ఏముంది?

అన్నీ సరిగానే ఉండి ‘ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అని కనిపిస్తే కంగారు పడకండి. చార్జింగ్ 60 లేదా 80 శాతం దగ్గర ఆగిపోయిందా? బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని కంపెనీలు పెట్టిన పరిమితి అది. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ బాగా వేడెక్కినా చార్జింగ్ ఆగుతుంది. మే నెలలో నాందేడ్ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, రేకుల కప్పు గదిలో ఇది మామూలే. చల్లబడనిచ్చి చూడండి.

అప్పటికీ ఎక్కకపోతే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జరు తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. మళ్లీ చార్జరు పెట్టి ఆన్ చేయండి. లోపల మిగిలిన కరెంటు పోయి చాలాసార్లు దారిలోకి వస్తుంది. బ్యాటరీ బయటకు తీయగలిగే పాత మోడల్ అయితే, బ్యాటరీ లేకుండా చార్జరుతోనే నడిపి చూడండి. అలా నడిస్తే అనుమానం బ్యాటరీ మీదకే వెళ్తుంది.

విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ అనే సదుపాయం ఉంది. కంప్యూటర్ సార్‌ను అడిగితే తీసిస్తారు. అందులో కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. కొత్తప్పుడు 41,000, ఇప్పుడు 16,400 అని ఉంటే మిగిలింది 40 శాతం. బ్యాటరీ మార్చాలా వద్దా అన్నది అప్పుడు లెక్క చూసి తేల్చుకోవచ్చు.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కీబోర్డు ఉబ్బినా, మూత సరిగా పడకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే ఆపి, చార్జరు తీసేయండి. నొక్కకండి, గుచ్చకండి, పిల్లలకు దూరంగా పెట్టి షాపుకు చేర్చండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు.

కొత్త చార్జరు కొనాల్సి వస్తే

అడాప్టరు వెనుక అవుట్‌పుట్ అని రెండు అంకెలుంటాయి. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 65 వాట్లు. కొత్తదానిలో వోల్టులు పాతదానిలాగే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువైతే చార్జింగ్ నిదానిస్తుంది లేదా ఎక్కదు. పిన్ను ఆకారం కలవాలి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు చార్జరును గుర్తుపట్టకపోతే బ్యాటరీని నింపవు. కాబట్టి పాత చార్జరు, ల్యాప్‌టాప్ రెండూ వెంట తీసుకెళ్లి, షాపులోనే పెట్టి చూసుకోండి.

షాపులో ‘ల్యాప్‌టాప్ ఖరాబ్’ అంటే చాలదు. మీరు చూసింది చెప్పండి. ‘అడాప్టర్‌చీ లైట్ లాగతే, పణ బ్యాటరీ చార్జ్ హోత్ నాహీ’ అని మరాఠీలో ఒక్క వాక్యం చెబితే మెకానిక్ ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలుస్తుంది. అక్కర్లేని భాగం మార్చే అవకాశమూ తగ్గుతుంది.

సెలవులకు ముందు

వేసవి సెలవుల్లో ల్యాప్‌టాప్ బీరువాలో ఉంటుంది. సున్నా చార్జింగ్‌తో పెడితే జూన్‌లో బడి తెరిచేసరికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉండవచ్చు. సగం చార్జింగ్ ఉంచి, ఆపి, చల్లటిచోట పెట్టండి. తెరిచాక అరగంట చార్జింగ్‌లో ఉంచి అప్పుడు ఆన్ చేయండి. కరెంటు పోతే ప్లగ్గు తీసేసి, వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి పెట్టడం మంచిది. ఇంట్లో తల్లిదండ్రులు కూడా ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి చార్జ్ చేయకుండా, వైరును డబ్బా చుట్టూ బిగించి చుట్టకుండా చూడాలి.

ప్రతి బడిలో ఒక నోటుబుక్కు పెట్టుకుందాం. ఏ ల్యాప్‌టాప్‌కు ఏ చార్జరో, ఎప్పుడు ఏ ఇబ్బంది వచ్చిందో, ఏం చేస్తే బాగైందో రెండు వరుసలు రాసుకుందాం. చార్జరు మీద పేరు చీటీ అతికిద్దాం. టీచరు బదిలీ అయి వెళ్లినా ఆ పుస్తకం బడిలోనే ఉంటుంది. ఇప్పుడు మీ బడి బీరువాలో మూలకు పడి ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే, ఈ శనివారం బయటకు తీసి గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి.