చేపల చెరువునందు నీటి పరీక్ష

వరిచేనునకు తెగులు సోకినచో ఆకు పసుపుబాఱి, కొన్ని దినములు ముందుగనే రైతునకు సూచన యిచ్చును. చేపల చెరువున అట్టి వ్యవధి లేదు. సాయంకాలము మేతకు గుంపుగా వచ్చిన చేపలు మఱునాటి యుదయమునకు చచ్చి తేలియుండుట కొల్లేటి పరిసరములందలి రైతులకు తెలియని సంగతి కాదు. ఎవరో విషము కలిపిరనియో, తెగులు సోకినదనియో పలువురు తలంతురు. కాని పెక్కుసారులు కారణము నీటియందు ప్రాణవాయువు తఱుగుటయే.

మనము పీల్చు గాలిలో నూటికి ఇంచుమించు 21 పాళ్లు ప్రాణవాయువు గలదు. నీటియందు కరగియుండునది మిక్కిలి స్వల్పము. 20 సెంటిగ్రేడు డిగ్రీల వేడిగల లీటరు మంచినీటిలో గాలినుండి 9 మిల్లీగ్రాములు కరగును. 30 డిగ్రీలయందు 7½ మాత్రమే. బొచ్చె, శీలావతి మొదలగు చేపలకు లీటరునకు 5 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండుట మేలు. 3 మిల్లీగ్రాములకు లోపడినచో చేపలు మేత విడుచును. ఇంకను తగ్గినచో నోళ్లు పైకెత్తి నీటిమీది గాలికై తపించును.

ఈ యాపద తెల్లవాఱుజామున వచ్చుటకు హేతువు గలదు. నీటికి పచ్చదనము నిచ్చు సూక్ష్మవృక్షములు పగలు ఎండ సాయమున ప్రాణవాయువును పుట్టించును. రాత్రి అవియు, చేపలును, అడుగున క్రుళ్లు మేతయు, పెంటయు దానిని వినియోగించును. పగలు జమ, రాత్రి ఖర్చు; నిలువ మిక్కిలి తక్కువగా నుండునది సూర్యోదయమునకు ముందు. మబ్బుపట్టిన దినములలో జమ తగ్గును గాని ఖర్చు తగ్గదు. కావున నీరెంత పచ్చబడిన అంత లాభమని తలంచుట పొరపాటు.

పచ్చదనమును తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి గలదు. ఎండ బాగుగనున్నప్పుడు చేతిని నిటారుగా నీటిలో ముంచవలెను. మోచేయి మునుగకమునుపే అఱచేయి కనబడకపోయినచో పచ్చదనము మితిమీఱినదని గ్రహించి, పేడ, కోళ్లపెంట వేయుట నిలిపి, మేత తగ్గింపవలెను. మోచేయి మునిగిన పిదపయు అఱచేయి స్పష్టముగ కనబడినచో నీటియందు సహజాహారము చాలదు. నలుపు తెలుపు పలకతో కొలుచువారికి 25 మొదలు 40 సెంటిమీటర్ల లోతువఱకు పలక కనబడుట తగిన కొలత. అయితే బురదనీటియందు ఈ పరీక్ష చెల్లదు.

నీటి పి.హెచ్. 7 మొదలు 8½ వఱకు నుండుట మంచిది. పచ్చని చెరువున ఇది ఉదయము తగ్గి, మధ్యాహ్నము పెరుగును. కావున రెండు వేళలను పరీక్షింపవలెను. ఎక్కువైనచో చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా మఱింత విషమగును. తక్కువైనచో సున్నము చల్లవలెను. పొరుగువాని లెక్కనుగాక, మీ చెరువు మట్టిని, నీటిని పరీక్షింపించి మోతాదు నిర్ణయించుకొనుడు.

చేపలు నోళ్లు పైకెత్తినచో ఆనాడు మేత వేయరాదు, వల లాగరాదు. ఏరేటరు నాడింపవలెను, లేనిచో క్రొత్తనీరు పెట్టవలెను. బోరునీటియందు ప్రాణవాయువు సాధారణముగ మిక్కిలి తక్కువగా నుండును గనుక గొట్టమును ఎత్తున నిలిపి, నీరు చిందిపడునట్లు చేయవలెను. మబ్బు దినములలో ఆపద కనబడుటకు ముందే, అర్ధరాత్రి మొదలు సూర్యోదయమువఱకు ఏరేటరు నడపుట ఉత్తమము.

ప్రాణవాయువును కొలుచు పరికరమును ఒక్కొక్క రైతు కొనలేకపోవచ్చును. పదిమంది సభ్యులు కలిసి సంఘము పక్షమున ఒకటి కొని, వంతులవారీగా తెల్లవాఱుజామున కొలిచి, ఆ యంకెలను చెరువువారీగా పుస్తకమున వ్రాసికొన్నచో ఏ చెరువున నిలువ తఱుగుచున్నదో ముందుగనే తెలియును. ఏడాది పంట ఒక్కరాత్రిలో పోకుండుటకు ఆ వ్యయము పెద్దది కాదు.