ధర కట్టేది కత్తెరే!

తినేసి పారేసిన అట్టపెట్టె వెనకభాగానికి వేలంపాట జరుగుతుందంటే మన పల్లెల్లో ఎవరూ నమ్మరు. అమెరికాలో జరుగుతుంది. అరవై ఏళ్ల కిందట అక్కడి పిల్లలు పొద్దున్నే పాలల్లో వేసుకు తినే అటుకుల పెట్టెల మీద బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసేవారు. పిల్లలు ఆ బొమ్మలను కత్తిరించి దాచుకునేవారు. ఇప్పుడు వాటికి మంచి గిరాకీ ఉంది. అయితే బొమ్మలోని ఆటగాడు ఎంత గొప్పవాడైనా సరే, ఆనాడు కత్తెర పట్టిన చెయ్యి తిన్నగా నడిచిందా, వంకరపోయిందా అన్నదాన్నిబట్టే ధర తేలుతుంది.

బేస్‌బాల్ అంటే గుండ్రటి కర్రతో బంతిని కొట్టి పరుగు తీసే ఆట. మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఆ ఆటగాళ్ల బొమ్మకార్డులు పోగుచెయ్యడం అమెరికాలో నూరేళ్లకు పైబడిన అలవాటు. మొదట్లో సిగరెట్ పెట్టెల్లో, తరువాత మిఠాయి పొట్లాల్లో కార్డులు పెట్టి ఇచ్చేవారు. అవి అచ్చాఫీసులోనే కోసి వచ్చిన కార్డులు. ఇంట్లో కత్తెరతో కోసుకోవలసిన కార్డులది వేరే కథ.

అటుకులు కొంటే ఆటగాళ్లు

పోస్ట్ అనే అటుకుల కంపెనీ 1961, 1962, 1963 సంవత్సరాల్లో ఏడాదికి 200 మంది ఆటగాళ్ల చొప్పున పెట్టెల వెనుక బొమ్మలు వేసింది. ఒక్కో బొమ్మ కింద ఆ ఆటగాడి వివరాలు, ఆటలో సాధించిన అంకెలు ఉండేవి. బొమ్మకూ బొమ్మకూ మధ్య సన్నని నల్లగీత. ఆ గీత వెంట కత్తిరించుకోవాలి. వెనకవైపు ఏమీ ఉండదు, ఒట్టి అట్ట. జెల్-ఓ అనే తీపి పదార్థం పెట్టెల మీద కూడా 1962, 1963లలో ఇదే తరహా బొమ్మలు వచ్చాయి.

ఇందులో ఒక చిత్రం ఉంది. అన్ని రకాల అటుకులూ ఒకేలా అమ్ముడుపోలేదు. పిల్లలు ఇష్టపడని రకం పెట్టె మీద పడిన ఆటగాడి బొమ్మలు కొద్దిగానే బయటికొచ్చాయి. కనుక ఆటలో అంతంతమాత్రం పేరున్నవాడి బొమ్మ కొన్నిచోట్ల పెద్ద ఆటగాడి బొమ్మను మించి పలుకుతుంది. ఆటగాడి గొప్పతనం కన్నా అటుకుల రుచి ధర నిర్ణయించిందన్నమాట.

1975 నుంచి 1979 దాకా హోస్టెస్ అనే కేకుల కంపెనీ అదే పని చేసింది. పెట్టె అడుగున వరసగా మూడు బొమ్మలు, ఏడాదికి 150 మంది ఆటగాళ్లు. అందరినీ సంపాదించాలంటే తక్కువలో తక్కువ 50 రకాల పెట్టెలు కొనాలి. కేకు మీద ఆశకన్నా కార్డు మీద ఆశతోనే పిల్లలు పెట్టెలు కొనిపించేవారంటే ఆశ్చర్యమేముంది!

అంతకుముందు 1920 ప్రాంతాల్లో బొమ్మలను పొడవాటి పట్టీలుగా అచ్చువేసి దుకాణాలకు పంపేవారు. పిల్లవాడు పైసలిస్తే దుకాణదారు పట్టీలోంచి బొమ్మ కత్తిరించి ఇచ్చేవాడు. బేరం హడావుడిలో కోసినవి గనుక వాటిలో అంచులు తిన్నగా ఉన్నవి తక్కువ.

వరస కట్టిన కార్మికుడు

ఈ కాగితాలన్నిటినీ ఒక వరసలో పెట్టినవాడు జెఫర్సన్ బర్డిక్. సిరక్యూస్ నగరంలో విద్యుత్ సామగ్రి ఫ్యాక్టరీలో పనిచేసిన సామాన్యుడు. పెళ్లి చేసుకోలేదు. కీళ్లజబ్బుతో వేళ్లు వంకరపోయినా కార్డులు వదలలేదు. ఆయన తయారుచేసిన జాబితాలో సిగరెట్ కార్డులకు టీ, పట్టీ కార్డులకు డబ్ల్యూ, తినుబండారాల కార్డులకు ఎఫ్ అని గుర్తులు పెట్టాడు. నేటికీ బేరగాళ్లు ఆ గుర్తులతోనే మాట్లాడుకుంటారు.

మూడు లక్షలకు పైగా కార్డులు, కాగితాలు ఆయన న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చాడు. సుమారు పదిహేనేళ్లపాటు అక్కడికి వెళ్లి తన చేతులతోనే ఆల్బంలలో అతికించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించాడు. మార్చిలో కన్నుమూశాడు.

విలువ కట్టే తీరు

కత్తిరించిన కార్డు చేతికి రాగానే తెలిసినవాడు ముందు చూసేది ఆటగాడి ముఖం కాదు, నాలుగు అంచులు. నాలుగువైపులా నల్లగీత గానీ చుక్కలగీత గానీ కనబడుతోందా? కనబడితే కార్డు నిండుగా ఉన్నట్టు. కత్తెర గీత లోపలికి చొరబడితే బొమ్మ ఎంత శుభ్రంగా ఉన్నా విలువ పడిపోతుంది. కార్డులకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే సంస్థలు ఉన్నాయి. గీత పోయిన కార్డుకు అవి అంకె వెయ్యవు, 'అసలుదే' అని మాత్రం రాసిస్తాయి.

తరువాత మడతలు, మరకలు, రంగు వెలవడం, వెనుక జిగురు చూస్తారు. అన్నిటికన్నా పైమెట్టు అసలు కత్తెరే పడని పెట్టెది. ఏడు బొమ్మలున్న అట్ట చెక్కుచెదరకుండా దొరికితే, ఆ ఏడింటినీ విడివిడిగా కత్తిరించి అమ్మినదానికన్నా ఎక్కువ రావడం మామూలు. నాడు ఏ పిల్లవాడూ కత్తిరించకుండా ఉండలేకపోయాడు గనుకనే ఈ అరుదు.

కొంప ముంచిన కత్తెర

కత్తిరించడానికే పుట్టిన కార్డుకు కత్తెర తప్పు కాదు. ఫ్యాక్టరీలో కోసి వచ్చిన కార్డుకు మళ్లీ కత్తెర పెడితే అది మోసం. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి సిగరెట్ కార్డు ఇందుకు సాక్ష్యం.

1909-11 మధ్య వచ్చిన టీ-206 అనే వరసలోది ఆ కార్డు. తన బొమ్మ వెయ్యడానికి వాగ్నర్ ఒప్పుకోలేదు. పిల్లలు సిగరెట్లు కొంటారని వద్దన్నాడని కొందరు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని కొందరు అంటారు. ఏమైతేనేం, ముద్రణ ఆగిపోయి కొద్ది కార్డులే మిగిలాయి. వాటిలో ఒకదాన్ని 1985లో బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 25,000 డాలర్లకు కొన్నాడు. 1991లో ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్స్‌కీ మరొకరితో కలిసి 4,51,000 డాలర్లకు వేలంలో పాడుకున్నాడు. పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. 2007లో అదే కార్డు 28 లక్షల డాలర్లు పలికింది. ఆనాటి లెక్కన పదకొండు కోట్ల రూపాయల పైమాటే.

ఎనభై ఏళ్లనాటి కార్డుకు మూలలు అంత పదునుగా ఎలా ఉన్నాయని అనుమానించినవారు ఉన్నారు. అరిగిన అంచులు చెక్కేస్తే కొత్త మూలలు వస్తాయి మరి! వేలాల్లో దొంగపాటలు పాడించిన కేసులో 2013లో కోర్టు ముందు నేరం ఒప్పుకున్న మాస్ట్రో, ఈ కార్డు అంచులు కత్తిరించింది తానేనని కూడా అంగీకరించాడు. 2015లో ఆయనకు 20 నెలల జైలుశిక్ష పడింది. ఇక 2022లో ఇంకో వాగ్నర్ కార్డు, నలిగి రెండే మార్కులు తెచ్చుకున్నది, 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

మన ట్రంకు పెట్టెల మాట

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 1854లో మన దేశంలో వెలువడిన నాలుగణాల తపాలాబిళ్లకు అంచున చిల్లులు లేవు. కాగితంలోంచి కత్తెరతో కోసుకోవలసిందే. బొమ్మ చుట్టూ ఎనిమిది పలకల చట్రం ఉండటంతో చాలామంది ఆ ఆకారంలోనే కోసేశారు. అలా కోసిన బిళ్ల కన్నా, చుట్టూ తెల్లకాగితం వదిలి చదరంగా కోసిన బిళ్లకు నేడు ఎంతో ఎక్కువ ధర. 1879లో మొదలైన పావు అణా కార్డు మీద బిళ్ల కార్డుతోపాటే అచ్చయి ఉంటుంది. దాన్ని కత్తిరిస్తే కార్డూ చెడుతుంది, బిళ్లకూ విలువ తగ్గుతుంది.

తాతలనాటి ట్రంకు పెట్టెలో పాత ఉత్తరాలు, కవర్లు, అగ్గిపెట్టెల బొమ్మలు ఉంటే ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. బిళ్ల పీకవద్దు, జిగురు రాయవద్దు, అంచులు సరిచెయ్యవద్దు. తపాలా ముద్ర, చిరునామా, తేదీ కూడా విలువలో భాగమే. చెమ్మ తగలకుండా దాచి, ముందు తెలిసినవారికి చూపించండి. కత్తెర ఎప్పుడైనా పెట్టవచ్చు, పెట్టాక అతికించలేం.